అప్పు తీర్చడానికి కూర్చున్న పెద్దలకు

మేనమామలకు, పెదనాన్నలకు, బావగార్లకు, పిల్లనిచ్చిన మామగార్లకు, చుట్టరికం లేకపోయినా "మీ మాటయితే వింటాడు" అని పిలిస్తే వచ్చి కూర్చునే ఊరి పెద్దమనుషులకు నమస్కారం.

జూదంలో, ఆన్‌లైన్ బెట్టింగుల్లో అప్పులపాలైన మనిషి గురించి మీకు ఫోన్ వచ్చేసరికే వ్యవహారం చాలా దూరం పోయి ఉంటుంది. "ఒకసారి ఇంటికి రండి, ఫోన్లో చెప్పేది కాదు" అంటారు. మీరు వెళ్ళేసరికి పిల్లల్ని పక్కింటికి పంపేసి, వీధి తలుపు దగ్గరకు వేసి ఉంటారు. ముప్పై ఏళ్ళ మనిషి గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తుంటాడు. వాళ్ళమ్మ ఏడ్చి ఏడ్చి ఊరుకుని ఉంటుంది. మీరు మంచినీళ్ళు తాగి అడిగే మొదటి మాట "ఎంతయిందిరా?" అని. అతను ఒక అంకె చెప్తాడు. ఇక పంచాయితీ అంతా ఆ అంకె మీదే నడుస్తుంది. ఎవరు ఎంత సర్దాలి, ఏ పొలం చెక్క అమ్మాలి, ఎవరి గాజులు ఏ బ్యాంకులో ఉన్నాయి. చీకటి పడేసరికి దేవుడి పటం ముందు ఒట్టు వేయిస్తారు. స్మార్ట్‌ఫోన్ లాక్కుని బటన్ ఫోన్ చేతిలో పెడతారు. పెళ్ళి కాకపోతే "శ్రావణంలో ముడి పెట్టేద్దాం, బాధ్యత తెలిసొస్తుంది" అని ఒకరు అంటారు, అందరూ తలూపుతారు. అన్నాలు తిని ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. స్టేట్‌మెంట్లు చదవడం వచ్చు కాబట్టి ఇలాంటి కూర్చోవడాలకు నన్ను కూడా పిలుస్తుంటారు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ గదిలో మీ ముందు ఉన్నది అప్పుతో పాటు జూదం అనే ఒక జబ్బు. జబ్బును గుర్తు పట్టకుండా అప్పు ఒక్కటే తీర్చేస్తే, రెండోసారి మీకు ఫోన్ వచ్చేసరికి అంకె పెద్దదై ఉంటుంది.

"జబ్బేమిటండీ, తిన్నది అరక్క చేసే పనులు" అని మీలో కొందరు అంటారని తెలుసు. మొన్నటిదాకా డాక్టర్లకూ దీన్ని ఎక్కడ పెట్టాలో సరిగా తెలియలేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో మొదటిసారి తన జబ్బుల పుస్తకంలో జూదాన్ని చేర్చినప్పుడు, అవసరం లేకపోయినా దొంగతనం చేసే జబ్బు, ఊరికే నిప్పు పెట్టే జబ్బు ఉన్న గుంపులో పడేసింది. ముప్పై ఏళ్ళ పరిశోధనల తర్వాత 2013లో అక్కణ్ణించి తీసి మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కన పెట్టింది. ఎందుకంటే లోపల జరిగేది ఒకటే. సీసా ఉండదు, అంతే తేడా. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో కూడా ఇది ఉంది. బయట ఆడేదానికి ఒక కోడ్, ఆన్‌లైన్‌లో ఆడేదానికి ఇంకో కోడ్ కూడా ఇచ్చారు.

ఆడిన ప్రతివాడికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. సంక్రాంతికి భీమవరం వైపు బరి దగ్గరికి వెళ్ళి, జేబులో ఉన్న అయిదు వేలూ కోడి మీద పెట్టి పోగొట్టుకుని, దారిలో బజ్జీలు తిని ఇంటికొచ్చేవాడు ఉంటాడు. మరుసటి ఏడాది పండగ దాకా ఆ సంగతే ఎత్తడు. భార్య అడిగితే "పోయాయి" అంటాడు, తిట్లు తింటాడు. చట్టం ప్రకారం అది తప్పే, డబ్బుకూ చేటే, కానీ అతనికి జబ్బు లేదు. అదే బరి దగ్గర ఇంకొకడు కోడి మీద పోయినవి రాబట్టుకోవడానికి గుండాట దగ్గరికి వెళ్తాడు. అక్కడ పోయినవి రాబట్టుకోవడానికి కోత ముక్క దగ్గరికి వెళ్తాడు. కనుమ నాటికి బండి తాకట్టు పెట్టి, ఇంట్లో మాత్రం "ఫ్రెండ్‌కి ఇచ్చా" అంటాడు. వీడి గురించే మనం మాట్లాడుకోవాల్సింది. పోయిన మొత్తం ఇద్దరిదీ సమానమే కావచ్చు. మొత్తాన్ని బట్టి జబ్బు తెలియదు. పోయిన తర్వాత ఏం చేశాడో, ఇంట్లో ఏం చెప్పాడో చూస్తే తెలుస్తుంది.

డాక్టర్లు తొమ్మిది లక్షణాలు చూస్తారు, ఏడాది కాలంలో వాటిలో నాలుగు కనిపిస్తే జబ్బు అంటారు. తొమ్మిదీ అప్పజెప్పను. పంచాయితీలో కూర్చున్నవాళ్ళకు పనికొచ్చేవి చెప్తాను. వందతో మొదలైంది వెయ్యి పెడితే తప్ప కిక్ రాని స్థితికి రావడం. మానేద్దామని తనంతట తనే చాలాసార్లు అనుకుని మానలేకపోవడం. మానిన రోజుల్లో చిరాకు, స్థిమితం లేకపోవడం. మనసు బాగోలేనప్పుడు ఆటలోకి పారిపోవడం. పోయిన డబ్బు రాబట్టుకోవడానికే మర్నాడు మళ్ళీ ఆడటం. అబద్ధాలు. తొమ్మిదోది వింటే మీరు ఉలిక్కిపడతారు: చేసిన అప్పుల్లోంచి బయటపడటానికి ఇతరుల డబ్బు మీద ఆధారపడటం. ఆ ఇతరులు మనమే. మనం ఎదురుగా కూర్చుని డబ్బు సర్దడం కూడా ఆ జబ్బు లక్షణాల పట్టికలోకి ఎక్కింది.

ఇంట్లో అంత పట్టిక ఎవరు చూస్తారు అంటే, రెండే ప్రశ్నలున్న చిన్న పరీక్ష కూడా ఉంది, 1997 నుంచి వాడుకలో ఉంది. ఒకటి, అంతకంతకూ ఎక్కువ డబ్బు పెట్టాలని ఎప్పుడైనా అనిపించిందా? రెండు, ఎంత ఆడుతున్నావో నీవాళ్ళకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఏ ఒక్కదానికి అవునన్నా, డాక్టరుకు చూపించాల్సిన మనిషే. ఈ రెండూ అడగడానికి పంచాయితీ దాకా ఆగక్కర్లేదు. అనుమానం వచ్చిన రోజే బండి మీద వెనకాల కూర్చుని అడగొచ్చు. మొహాలు ఎదురెదురుగా లేనప్పుడే మగపిల్లలు నిజం చెప్తారని నా అనుభవం.

తాగినవాడి దగ్గర వాసన వస్తుంది, తూలతాడు. దీనికి వాసన లేదు. పక్క మంచం మీద పడుకున్న భార్యకు కూడా తెలియదు. అందుకే నేను స్టేట్‌మెంట్ అడుగుతాను. ఊరూ పేరూ చెప్పకుండా ఒక పేజీ చూపిస్తాను. నెలాఖరు రోజు మధ్యాహ్నం జీతం 34,000 పడింది. సాయంత్రం ఏడింటికి 500 వెళ్ళింది. మరో 500, ఆ తర్వాత 1,000. రాత్రి 11:40కి 2,000. పన్నెండు దాటాక 2,000, నాలుగు నిమిషాలకు 5,000, ఇంకో నిమిషానికి 5,000. 12:31కి లోపలికి 7,800 వచ్చింది. పేజీ మొత్తం మీద ఆట నుంచి లోపలికి వచ్చింది అదొక్కటే. 12:50కల్లా అదీ పోయింది. మూడో తారీఖున నిల్వ 212 రూపాయలు. నాలుగున ఏదో లోన్ యాప్ నుంచి 15,000.

ఆ 7,800 మీద వేలు పెట్టి, "అక్కడ ఆపేయాల్సిందిగా బాబూ" అన్నాను. అతను నన్ను అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు. "అప్పటికి పదహారు వేలు పోయాయి అంకుల్. ఇంకో ఎనిమిది వేలొస్తే ఈక్వల్ అయిపోయేది" అన్నాడు. లెక్క తప్పు లేదు, పదహారులోంచి ఏడువేల ఎనిమిది వందలు తీస్తే ఎనిమిది వేల రెండు వందలే. బుర్ర చురుగ్గా పనిచేస్తూనే ఉంది, ఒకే దిక్కుకి. మనం గెలుపు అనుకునేది అతని లెక్కలో నష్టం తగ్గడం మాత్రమే. చేతిలో పడ్డ డబ్బు అతనికి మళ్ళీ పెట్టుబడి.

స్టేట్‌మెంట్‌లో 'బెట్టింగ్' అని రాసి ఉంటుందని వెతక్కండి. ఏదో ట్రేడర్స్, ఏదో ఎంటర్‌ప్రైజెస్, ఒక్కోసారి ముక్కూ మొహం తెలియని మనిషి పేరు ఉంటుంది. అద్దెకు తెచ్చుకున్న ఖాతాల్లోకి డబ్బు తీసుకోవడం ఈ యాప్‌లకు మామూలు. కాబట్టి పేరు వదిలేసి టైము చూడండి. అర్ధరాత్రి వేళ, గుండ్రటి అంకెలు, నిమిషాల తేడాతో వరసగా వెళ్ళడం, జీతం పడ్డ మూడు రోజుల్లో ఖాతా ఖాళీ. తర్వాత దిగువకు వస్తే చిన్న చిన్న లోన్లు, ఒకటి తీర్చడానికి ఇంకొకటి. చీటీ ఇంకా సగం కూడా నడవకుండానే బాగా నష్టానికి పాడేసుకున్నాడా అడగండి. పీఎఫ్ అడ్వాన్సు దేనికి తీశాడో అడగండి. గోల్డ్ లోన్ రసీదులు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎవరి నగలున్నాయో చూడండి. పెళ్ళిలో పెట్టిన గొలుసు వేసుకోవడం భార్య ఎందుకు మానేసిందో ఆవిడ నోరు విప్పి చెప్పదు.

డబ్బు దగ్గరికి వెళ్ళకముందే కనిపించే సంగతులు కొన్ని ఉన్నాయి. క్రికెట్ ఇష్టమున్న కుర్రాడు మన టీమ్ గెలిస్తే గంతులేస్తాడు. ఇతను మన టీమ్ గెలిచినా మొహం మాడ్చుకుని లేచిపోతాడు, లేదా తొమ్మిదో ఓవర్లో ఒక వైడ్‌కి వీధి అదిరేలా అరుస్తాడు. తనకేమీ సంబంధం లేని దేశంలో అర్ధరాత్రి జరిగే మ్యాచ్‌కి అలారం పెట్టుకుని లేస్తాడు. ఫోన్ ఎప్పుడూ బోర్లా ఉంటుంది. బాత్‌రూమ్‌లో అరగంట. ఏ కారణం లేకుండా ఒక రోజు చెల్లెలికి కొత్త ఫోన్ కొనుక్కొస్తాడు, వారం తిరక్కుండా అదే చెల్లెలి దగ్గర రెండు వేలు అడుగుతాడు. "సాయంత్రానికి తిరిగి కొట్టేస్తా" అంటాడు. నిజంగానే సాయంత్రానికి కొట్టేస్తాడు, మొదట్లో. అందుకే అందరూ ఇస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పి ఉంటాడు కాబట్టి, ఇచ్చినవాళ్ళందరినీ ఒక గదిలో కూర్చోబెడితే తప్ప విషయం బయటపడదు. మీ పంచాయితీ వల్ల జరిగే అసలు మేలు అదే అనుకుంటాను.

"అంత తెలివైనవాడు, బీటెక్ చదివినవాడు, ఇంత చిన్న లెక్క తెలియదా" అని ఆశ్చర్యపోతారు. తెలుసు. తెలియడానికీ మానడానికీ మధ్య ఆ ఆట కట్టిన పద్ధతి ఉంది. కొత్తలో చిన్న మొత్తాలు గెలిపిస్తుంది, అడిగిన వెంటనే ఖాతాలో వేస్తుంది. నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాత ఎప్పుడు వస్తుందో తెలియకుండా అప్పుడప్పుడు వస్తుంటుంది. ఠంచనుగా వచ్చే ఫలితం కంటే ఎప్పుడొస్తుందో తెలియని ఫలితమే మనిషినీ జంతువునూ ఎక్కువసేపు ఆడిస్తుందని ప్రయోగశాలల్లో ఎన్నో దశాబ్దాల కిందటే తేలింది. ఇక "ఒక్క ముక్కలో పోయింది మావయ్యా" అంటారు చూడండి, దాని సంగతి ఇంకా విచిత్రం. గెలిచినప్పుడు మెదడులో చలించే భాగాలు, కొద్దిలో తప్పిపోయినప్పుడు కూడా చలిస్తాయని స్కానింగుల్లో చూశారు. ఓడిన మనిషి మెదడు సగం గెలిచినట్టు లెక్క వేసుకుంటోంది. పూర్వం పేకాట క్లబ్బుకు వెళ్ళాలంటే చొక్కా వేసుకోవాలి, నలుగురి కంట పడాలి, క్లబ్బు మూసే టైముకు లేవాలి. ఇప్పుడు దుప్పటి కిందే క్లబ్బు, అది మూసే టైము లేదు.

"అయినా రమ్మీ స్కిల్ గేమ్ కదా, సుప్రీంకోర్టే చెప్పింది" అని ఆ అబ్బాయి మీతో వాదిస్తాడు. చెప్పిన మాట నిజమే. ఆ కేసు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద నడిచిందే. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ సత్యనారాయణ తీర్పు అని న్యాయవాదులంతా చెప్పేది దాన్నే. పదమూడు ముక్కల రమ్మీలో నైపుణ్యం పాలు ఎక్కువ అంది కోర్టు. తర్వాతి కాలంలో ఆన్‌లైన్ కంపెనీలు ఆ తీర్పును పట్టుకునే నడిచాయి. నైపుణ్యం ఉంటే వ్యసనం అవదని మాత్రం ఏ కోర్టూ చెప్పలేదు. పైగా తనకు నైపుణ్యం ఉందన్న నమ్మకమే ఆ అబ్బాయిని కుర్చీలోంచి లేవనివ్వదు.

ఇప్పుడు చట్టాలున్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒక చట్టం చేసింది. నడిపేవాళ్ళకు మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేసేవాళ్ళకూ, డబ్బు దాటించేవాళ్ళకూ శిక్షలున్నాయి. ఆడినవాడిని మాత్రం ఆ కేంద్ర చట్టం శిక్షించదు, నష్టపోయినవాడిగానే చూస్తుంది. మంచిదే. కానీ "బ్యాన్ అయిపోయాయిగా, ఇంకేం భయం" అని మీరు చేతులు దులుపుకోవద్దు. దేశం బయట నడిచే సైట్లు పేరు మార్చుకుని వస్తూనే ఉంటాయి, టెలిగ్రామ్‌లో లింకు పంపేవాడు ఉంటాడు, ఊళ్ళో బుకీ ఎప్పుడూ ఉన్నాడు. ఆట దొరకడం కాస్త కష్టమైతే కొత్తవాళ్ళు తగ్గుతారు. అప్పటికే జబ్బు పడ్డవాడు ఇంకో దారి వెతుక్కుంటాడు.

ఆ ఇంకో దారి ఒక్కోసారి చాలా గౌరవంగా కనిపిస్తుంది. "బెట్టింగ్ మానేశాడండీ, ఇప్పుడు షేర్లు చేస్తున్నాడు" అని ఒక తండ్రి నాతో సంతోషంగా అన్నాడు. చూస్తే ఆప్షన్స్. గురువారమో మంగళవారమో గడువు తీరే కాంట్రాక్టులు, నిమిషాల్లో కొని నిమిషాల్లో అమ్మడం, పోయింది రాబట్టడానికి మళ్ళీ కొనడం. చట్టబద్ధమే, కాదనను. షేర్ మార్కెట్లను అదుపుచేసే సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన లెక్క ప్రకారం అంతకుముందు మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటికి పైగా మామూలు జనంలో నూటికి 93 మంది నష్టపోయారు, సగటున తలకు దాదాపు రెండు లక్షలు. వాళ్ళందరూ రోగులు కారు. కానీ బెట్టింగ్ మానిన మనిషి ఆర్నెల్లకే ఇందులోకి దిగితే మానినట్టు లెక్క వేయకండి.

కుర్రవాళ్ళ గురించే రాస్తున్నానుగానీ, మధ్యాహ్నం వంట పని అయ్యాక రమ్మీ మొదలుపెట్టి పొదుపు సంఘం డబ్బు దాకా వెళ్ళిన ఇల్లాళ్ళు ఉన్నారు, రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చాక చెడిన పెద్దమనుషులు ఉన్నారు. ఇంకో ముఖ్యమైన సంగతి, చాలామంది డాక్టర్లు కూడా చెప్పడం మరిచిపోయేది: జీవితంలో ముక్క ముట్టని తాతగారు అరవై అయిదేళ్ళకు ఉన్నట్టుండి లాటరీలు, ఆటల మీద పడితే, ఆయన పార్కిన్సన్స్‌కి, అదే చేతులు వణికే జబ్బుకి, మందులు వాడుతున్నారేమో చూడండి. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందుల వల్ల కొందరిలో జూదం కోరిక పుట్టుకొస్తుంది. మందు మీ అంతట మీరు ఆపకండి, రాసిచ్చిన డాక్టరుకు ఈ సంగతి చెప్పండి. మోతాదు తగ్గించినా మందు మార్చినా చాలామందిలో ఆ కోరిక పోతుంది. ఆ ముసలాయన్ని దేవుడి పటం ముందు నిలబెట్టడం కంటే అన్యాయం లేదు.

ఇక డబ్బు విషయానికి వస్తాను, మీరు పిలిపించుకునేది దానికోసమే కాబట్టి.

సభాపర్వంలో ధర్మరాజు ఓడిపోవడం అందరికీ గుర్తుంటుంది. దాని తర్వాతి ఘట్టం చాలామంది దాటేస్తారు. ద్రౌపదికి వరాలిచ్చి, రాజ్యం, సొమ్ము అన్నీ తిరిగి ఇచ్చేసి, ధృతరాష్ట్రుడు పాండవుల్ని ఇంద్రప్రస్థానికి పంపేశాడు. అప్పు అణాపైసలతో మాఫీ. ఇంకా దారిలో ఉండగానే మళ్ళీ కబురొచ్చింది, ధర్మరాజు వెనక్కి తిరిగి వెళ్ళి మళ్ళీ ఆడాడు. పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆటలో వచ్చినవి. అంత ధర్మం తెలిసినవాడే ఒక్క పూటలో వెనక్కి వెళ్తే, మన అబ్బాయి ఒట్టు మీద ఎంత బరువు పెడదాం?

పాచికలు వేసినవాడికి మొత్తం బాకీ ఒక్కసారి తీరిపోతే జరిగేది ఇదే. ఊపిరి ఆడుతుంది. క్రెడిట్ మళ్ళీ తెరుచుకుంటుంది. అప్పిచ్చినవాళ్ళు "వీడి వెనక పొలం ఉంది" అని తెలుసుకుంటారు. పైగా లోపల ఒక మూల "మరీ మునిగితే తేల్చేవాళ్ళున్నారు" అన్న ధైర్యం కూర్చుంటుంది. అలాగని అప్పులవాళ్ళ మీదికి వదిలేయమని నేననడం లేదు. తీర్చే తీరు మార్చమంటున్నాను.

మొదటి రోజు చెప్పిన అంకెను నమ్మి ఆ రోజే పొలం బేరం పెట్టకండి. మూడు లక్షలన్న మనిషి దగ్గర తవ్వితే తొమ్మిదో పదకొండో తేలడం నేను మళ్ళీ మళ్ళీ చూశాను. సగం చెప్పి సగం దాచడం వంచనగా మీకు అనిపిస్తుంది, అతనికేమో సిగ్గు, పైగా ఆ దాచిన సగాన్ని ఎలాగో ఆడి తీర్చేస్తానన్న ఆశ. కాబట్టి తిట్టకుండా కాగితం పెన్ను ఇచ్చి, రెండు రోజులు టైమిచ్చి, అతని చేతే రాయించండి. సిబిల్ లాంటి సంస్థల దగ్గర ఎవరి క్రెడిట్ రిపోర్టు వాళ్ళకు ఏడాదికోసారి ఉచితంగా వస్తుంది, అది తీయించి పక్కన పెట్టుకోండి. బ్యాంకు లోన్లు, కార్డులు అందులో కనిపిస్తాయి. స్నేహితుల చేబదుళ్ళు, చీటీలు, దొంగ లోన్ యాప్‌లు, బుకీ బాకీ కనిపించవు. అవి అతను చెప్పాల్సిందే.

చిట్టా తయారయ్యాక, వేలం దగ్గరికొచ్చిన నగలు, రోజువారీ వడ్డీ తిరిగే బాకీలు ముందు చూడండి. డబ్బు అతని చేతికి ఇవ్వద్దు, ఖాతాలో వేయద్దు. నేరుగా అప్పిచ్చినవాడికి కట్టి నోటు వెనక్కి తీసుకోండి. మిగతావి నెలనెలా అతని జీతంలోంచే పోవాలి, మూడేళ్ళు పట్టినా సరే. ఫోటోలు మార్ఫింగ్ చేసి బంధువులకు పంపుతామని బెదిరించే యాప్‌వాళ్ళకు మాత్రం పైసా కట్టకండి. వాళ్ళకు కట్టేకొద్దీ అడుగుతారు. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, పోలీస్ స్టేషన్‌లో కాగితం పెట్టండి. జీతం వచ్చే ఖాతా అతని ఒప్పుదలతోనే భార్యో అక్కో చూసేలా ఏర్పాటు చేసుకోండి, యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించుకోండి, వారం ఖర్చుకు చేతికి నగదు ఇవ్వండి. ఒప్పుదలతోనే అని నొక్కి చెప్తున్నాను. ఫోన్ లాక్కుంటే స్నేహితుడి ఫోన్ ఉంది. బటన్ ఫోన్ ఇచ్చి ఇంట్లో కూర్చోబెడితే ఉద్యోగం పోతుంది, అప్పు అలాగే ఉంటుంది.

ఇక పెళ్ళి. ఈ జబ్బు సంగతి దాచి ఒక పిల్లను తెచ్చి ఇంట్లో పెట్టి, ఆవిడ మెడలోని బంగారానికి కాపలా కూడా ఆవిడనే పెట్టడం పెద్దరికం అనిపించుకోదు. దీని మీద నాకు వేరే మాట లేదు. ఎవరికి కోపమొచ్చినా సరే.

అన్నిటికంటే ముందు అడగాల్సింది చివరికి రాస్తున్నాను, ఎందుకంటే ఇది అడగడానికి అందరూ భయపడతారు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, ఒంటరిగా ఉన్నప్పుడు, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అప్పు బయటపడిన ఆ వారమే చాలా ప్రమాదకరమైన వారం. నలుగురిలో "నువ్వు పుట్టకపోయినా బాగుండేది" లాంటి మాటలు ఆ వారం ఎవరి నోటా రాకూడదు. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. అప్పటికే ఏదైనా ప్రయత్నం జరిగి ఉంటే, కేసవుతుందని భయపడి ఇంట్లో దాచుకోకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలంది. డాక్టరు దగ్గర చెప్పిన సంగతులు గోప్యంగా ఉంచుకునే హక్కునూ అదే చట్టం ఇచ్చింది.

వైద్యం అంటే కరెంటు షాకులో, నిద్రమాత్రలో అనుకోకండి. వారం వారం కూర్చోబెట్టి మాట్లాడతారు. ఏ టైములో, ఏ మూడ్‌లో చెయ్యి ఫోన్ మీదికి వెళ్తోందో పట్టించి, "ఇంకో ఎనిమిది వేలొస్తే ఈక్వల్" లాంటి ఆలోచనల్ని విప్పి చూపిస్తారు. దిగులు జబ్బు కూడా ఉంటే దానికి మందు ఇస్తారు. మద్యం మానడానికి వాడే నాల్‌ట్రెక్సోన్ కొందరికి పనిచేస్తుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు జారి మళ్ళీ ఆడటం కూడా ఉంటుంది. అప్పుడు పంచాయితీ పెట్టి పరువు తీయకుండా, మర్నాడే డాక్టరు దగ్గరికి పంపండి.

హైదరాబాద్ వైపు ఉంటే ఎర్రగడ్డ, విశాఖ వైపు ఉంటే చినవాల్తేరు మానసిక ఆస్పత్రి ఉన్నాయి. ఆ పేర్లు వింటేనే ఇంట్లోవాళ్ళు జంకుతారని తెలుసు. మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో, పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో మానసిక విభాగం ఓపీ ఉంటుంది, అక్కడికైనా వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, అతను రాసిన అప్పుల చిట్టా, వేరే జబ్బులకు వాడుతున్న మందుల చీటీలు వెంట తీసుకెళ్ళండి. అందరూ కలిసి జీపెక్కి వెళ్ళకండి. అతను ఎవరితో మాట్లాడగలడో అడిగి, ఆ ఒక్కరే వెళ్ళండి. పొలం బేరానికి వచ్చినవాడికి మాత్రం వచ్చే నెల కనబడమని చెప్పండి.

ఇట్లు,
మీలో ఒకడు